హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కితే: లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

చాలా ల్యాప్‌టాప్‌లకు తయారీదారులు సూచించే గది ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ వరకే. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో స్లాబు కింద ఉన్న పై అంతస్తు గది ఈ హద్దును సులభంగా దాటుతుంది. ప్రాసెసర్‌లో పుట్టిన వేడి చివరికి గదిలోని గాలిలోకే పోవాలి కనుక, గది పది డిగ్రీలు వేడెక్కితే అదే పని చేస్తున్న ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. ఏసీ ఉన్న దుకాణంలో చల్లగా, నిశ్శబ్దంగా కనిపించిన యంత్రం హాస్టల్‌కు వచ్చాక వేరుగా ప్రవర్తించడానికి ప్రధాన కారణం ఇదే.

లక్షణం: మొదట వేగంగా ఉండి, పది నిమిషాలకు నెమ్మదిస్తుంది

త్రీడీ డిజైన్ చేస్తున్నప్పుడో పెద్ద ప్రోగ్రామ్ కంపైల్ అవుతున్నప్పుడో ఇది కనిపిస్తుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 95 నుంచి 100 డిగ్రీల దగ్గరకు చేరినప్పుడు, అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. దీన్ని ఊహించి ఊరుకోకుండా, కోర్ టెంప్ వంటి ఉచిత ప్రోగ్రామ్‌లో ఉష్ణోగ్రతను, వేగాన్ని పక్కపక్కనే గమనించాలి. ఉష్ణోగ్రత అరవై డిగ్రీల దగ్గరే ఉండి యంత్రం నెమ్మదిస్తుంటే తప్పు వేడిది కాదు. ర్యామ్ చాలకపోవడమో డిస్క్ నెమ్మదిగా ఉండడమో అయి ఉండవచ్చు.

కారణం వేడే అని తేలితే ముందు గాలి దారిని చూడండి. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగున ఉన్న రంధ్రాల నుంచి గాలి పీల్చుకుని, వెనక నుంచో పక్క నుంచో వదులుతాయి. అడుగున ఉన్న రబ్బరు కాళ్ళు కొద్ది మిల్లీమీటర్ల ఖాళీని మాత్రమే ఇస్తాయి. పరుపు మీద పెడితే ఆ ఖాళీ కూడా మూసుకుపోతుంది. గట్టి బల్ల మీద పెట్టి, రంధ్రాలకు అడ్డు రాకుండా వెనక అంచు కింద ఒక అంగుళం మందం ఉన్న పుస్తకం ఉంచి అదే పనిని మళ్ళీ చేయించండి. ఉష్ణోగ్రత స్పష్టంగా తగ్గితే మీకు కావలసింది ఒక స్టాండ్ మాత్రమే. ఈ పరీక్ష చేయకుండా కూలింగ్ ప్యాడ్ (కింద నుంచి గాలి కొట్టే ఫ్యాన్ల పలక) కొనవద్దని నా సలహా, ఎందుకంటే అడుగున గాలి రంధ్రాలు లేని యంత్రానికి దానివల్ల కలిగే మేలు చాలా తక్కువ.

అప్పటికీ తగ్గకపోతే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని 100 నుంచి 99 శాతానికి మార్చండి. ఒక్క శాతమే కదా అనిపించినా, చాలా ప్రాసెసర్లలో టర్బో వేగం (బరువైన పని వచ్చినప్పుడు తాత్కాలికంగా పెంచుకునే వేగం) దీనితో ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది; బరువైన పనులు మాత్రం కొంత ఆలస్యమవుతాయి. కొన్ని కొత్త యంత్రాల్లో ఈ ఎంపిక కనిపించదు. అలాంటప్పుడు తయారీదారు ఇచ్చిన అప్లికేషన్‌లోని నిశ్శబ్ద మోడ్‌ను వాడవచ్చు.

లక్షణం: ఏ పనీ చేయకపోయినా ఫ్యాన్ మోగుతూ ఉంటుంది

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, సీపీయూ అనే శీర్షికపై నొక్కితే, ప్రాసెసర్‌ను ఎక్కువగా వాడుకుంటున్న ప్రోగ్రామ్ పైకి వస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ అయితే అప్‌డేట్లు, ఫైళ్ళ ఇండెక్సింగ్ (వెతకడానికి వీలుగా జాబితా తయారీ) పూర్తయ్యేదాకా ఒకటి రెండు రోజులు ఓపిక పట్టాలి.

లక్షణం: మూసి బ్యాగులో పెట్టినా కాలిపోతూ ఉంటుంది

ఇప్పటి విండోస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి స్లీప్ అంటే పూర్తి నిద్ర కాదు. మూత మూసి ఉన్నా నెట్‌వర్క్ పనులకు మేలుకోగలవు. గాలి ఆడని బ్యాగులో ఆ కొద్దిపాటి వేడి కూడా పోగుపడుతుంది, బ్యాటరీకి అది ఎంతమాత్రం మంచిది కాదు. మూత మూసినప్పుడు హైబర్నేట్ అయ్యేలా (తెరిచి ఉన్న పనిని డిస్క్‌లో దాచి యంత్రం ఆగిపోయేలా) పవర్ ఆప్షన్స్‌లో మార్చండి, లేదా తరగతికి బయలుదేరే ముందు షట్‌డౌన్ చేయండి.

లక్షణం: ఏడాది బాగా పనిచేసి, తర్వాత వేడెక్కడం మొదలైంది

ఫ్యాన్‌కు, దాని ముందుండే సన్నని లోహపు రేకులకు మధ్య దుమ్ము, దుప్పటి నూలు చేరి మెత్తని పొరలా అడ్డుపడతాయి. ఫ్యాన్ తిరుగుతున్న శబ్దం గట్టిగా వినిపిస్తూ, గాలి బయటికి వచ్చే చోట చేయి పెడితే బలహీనంగా తగులుతుంటే కారణం దాదాపు ఇదే. యంత్రాన్ని ఆపి, ఛార్జర్ తీసి, అడుగు పలక విప్పి, బ్యాటరీ కనెక్టర్‌ను కూడా తొలగించిన తర్వాత, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో గాలి కొట్టాలి. రెక్కలను వదిలేసి కొడితే అవి అతివేగంగా తిరిగి బేరింగ్ చెడిపోవచ్చు. వారంటీ ఉంటే, విప్పడానికి ముందే సర్వీస్ సెంటర్‌ను అడగండి. శుభ్రం చేసినా ఫలితం లేకపోతే, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ (వేడిని లోహపు భాగానికి చేరవేసే ముద్ద) ఎండిపోయి ఉండవచ్చు. ఆ పని చేతిలో అలవాటు ఉన్నవారితోనే చేయించండి.

లక్షణం: టచ్‌ప్యాడ్ పైకి లేచింది, అడుగు ఉబ్బింది

బ్యాటరీ ఉబ్బింది. వెంటనే ఛార్జింగ్ ఆపి, వాడకం మానేసి, సర్వీస్ సెంటర్‌లో మార్పించండి. దాన్ని నొక్కడం, గుచ్చడం ప్రమాదం. కొత్త బ్యాటరీ వేశాక, ల్యాప్‌టాప్‌ను ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవారైతే ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే సదుపాయాన్ని వాడుకోండి.

ఇంకా కొనని వారికి

పైవాటిలో కొన్నింటిని కొనేటప్పుడే తప్పించుకోవచ్చు. ఇంటెల్ ప్రాసెసర్లలో, పేరు చివర యు అక్షరం ఉన్న రకానికి సాధారణంగా 15 వాట్లు, హెచ్ ఉన్న రకానికి 45 వాట్లు మూల విద్యుత్ పరిమితి. టర్బోలో రెండూ అంతకంటే ఎక్కువ తీసుకుంటాయి. కోడింగ్, నోట్సు, ప్రాజెక్టు రిపోర్టులకు యు రకం చాలు. త్రీడీ డిజైన్, వీడియో ఎడిటింగ్ చేసేవారు హెచ్ రకం తీసుకుంటే, మరీ పలుచని శరీరం ఉన్నవాటి జోలికి పోకపోవడం మంచిది, ఎందుకంటే ఒకే ప్రాసెసర్ రెండు వేర్వేరు ల్యాప్‌టాప్‌లలో చాలా తేడాగా నడుస్తుంది. ఫ్యాన్ లేని మ్యాక్‌బుక్ ఎయిర్ చదువు పనులకు హాయిగా సరిపోతుంది కానీ, గంటల తరబడి బరువైన పని చేయిస్తే వేగం తగ్గించుకుంటుంది. లోహపు శరీరం చేతికి వెచ్చగా తగిలినంత మాత్రాన లోపమని అనుకోనవసరం లేదు, లోహం వేడిని త్వరగా బయటికి చేరవేస్తుంది.

కొన్న తర్వాత, వాపసు గడువు ముగిసేలోపే, మీరు చదువుకునే గదిలో మధ్యాహ్నం వేళ, ఛార్జర్ తగిలించి, మీరు నిజంగా చేయబోయే పనిని అరగంట ఆపకుండా చేయించండి. అయిదో నిమిషంలోనూ ముప్ఫయ్యో నిమిషంలోనూ ఉష్ణోగ్రతను, ప్రాసెసర్ వేగాన్ని కాగితం మీద రాసుకోండి. వేగం కొంచెం తగ్గడం సహజం. సగానికి పడిపోతే ఆ యంత్రాన్ని వెనక్కి ఇచ్చేయండి.