ప్రాసెసర్ మార్చాక వేడి ఎంతుందో చూసుకోవడం ఎలా?

కొత్త ప్రాసెసర్ బిగించి, విండోస్ తెరుచుకోగానే పనైపోయిందనుకుంటారు చాలామంది. వేడి ఎంతుందో చూడరు. మా నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు అలా వదిలేసిన కంప్యూటర్లు ఏప్రిల్ రాగానే ఒక్కొక్కటీ నా టేబుల్ మీదికి వస్తాయి.

కావాల్సినవి మూడే: హెచ్‌డబ్ల్యూఇన్ఫో (లోపలి వేడి అంకెలు చూపే ప్రోగ్రాం), సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్‌కి పూర్తి పని పెట్టి పరీక్షించే ప్రోగ్రాం), గది వేడి చూపే మామూలు థర్మామీటరు. టాస్క్ మేనేజర్ పనికిరాదు. అందులో గ్రాఫిక్స్ కార్డు వేడి కనిపిస్తుంది గానీ ప్రాసెసర్‌ది కనిపించదు.

హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో సెన్సర్స్ ఓన్లీ టిక్ పెట్టి తెరవండి. ఇంటెల్ అయితే సీపీయూ ప్యాకేజ్, ఏఎండీ రైజెన్ అయితే టీసీటీఎల్/టీడై అనే వరుస చూడండి. పావుగంట ఏ పనీ పెట్టకుండా ఉంచి, తర్వాత సినీబెంచ్‌లో 30 నిమిషాల పరీక్ష నడపండి. మ్యాగ్జిమం గడిలో ఉన్న అంకె రాసుకోండి.

అందరూ తప్పు చేసేది ఇక్కడే. ఆ అంకె ఒక్కటే చూసి సరే అనుకుంటారు. పక్కన గది వేడి కూడా రాసుకోకపోతే ఆ అంకెకు అర్థం లేదు. డిసెంబరులో, బయట ముసురు పట్టిన రోజున గది 26 డిగ్రీలుంటే రైజెన్ 5 5600కి 77 వచ్చిందనుకుందాం. తేడా 51. రోహిణి కార్తెలో అదే గది 40కి చేరితే లెక్క 91 అవుతుంది. ఆ చిప్ పరిమితి 90. అక్కడికి రాగానే అది తన వేగం తానే తగ్గించుకుంటుంది, మీరేమో విండోస్‌ని తిట్టుకుంటారు. అందుకే తేడాకు 40 కలపండి. పరిమితికి కనీసం 5 డిగ్రీలు కింద ఉండాల్సిందే. రైజెన్ 7000 రకాల సంగతి వేరు, వాటిలో చాలావాటిని పూర్తి పనిలో 95 దాకా వెళ్లేలానే తయారుచేశారు.

థర్మామీటరు క్యాబినెట్ ముందు, గాలి లోపలికి పోయే చోట పెట్టండి. వెనక వేడిగాలి వస్తుంది. ఫోన్‌లో కనిపించేది ఊరి వేడి, మీ గదిది కాదు. ఏసీ ఆపేయండి. క్యాబినెట్ మూత బిగించే చూడండి. మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి కొలిచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రోజూ అలాగే వాడతారా?

అంకె ఎంత వేగంగా పెరిగిందో కూడా గమనించండి. మెల్లగా ఎక్కితే గాలి ఆడట్లేదని, దుమ్ము దులపండి. పది సెకన్లలోనే పరిమితి తాకితే కూలర్ (ప్రాసెసర్ మీద బిగించే ఫ్యానూ, దాని కింది లోహపు దిమ్మా) సరిగా కూర్చోలేదని అర్థం, వెంటనే ఆపేయండి. మా బావమరిది కోర్ ఐ5 12400 ఇలాగే క్షణాల్లో 100కి పోయింది. "ఏం కాదులే బావా, ఫ్యాను తిరుగుతుందిగా" అన్నాడు. కూలర్ విప్పితే బిగించేముందు తీసేయాల్సిన పారదర్శకమైన ప్లాస్టిక్ పొర అడుగున, అంచులు ముడుచుకుపోయి, అలాగే అతుక్కుని ఉంది.

విప్పేటప్పుడు జాగ్రత్త. పాత ఏఎం4 సాకెట్ రైజెన్ (అడుగున పిన్నులుండే రకం) అయితే ఐదు నిమిషాలు నడిపి, కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య పూసే పేస్టు మెత్తబడ్డాక కరెంటు తీసేసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ ఎత్తండి. నిటారుగా లాగితే ప్రాసెసర్ సాకెట్‌లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. పాత పేస్టు తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఆ 12400 మళ్లీ అరగంట నడిపితే 72 దగ్గర నిలిచింది.