ఎండ గోడకు పచ్చటి తీగ

హైదరాబాద్‌లో మా ఇంటి పడమటి ప్రహరీ మే నెలలో పొద్దుపోయాక కూడా వేడి కక్కేది. ఇప్పుడు దాని నిండా రాధామనోహరం అల్లుకుంది. మీరూ పెంచాలనుకుంటే ముందు గోడ చూడండి. పగుళ్లుంటే సిమెంటుతో పూడ్చాలి. పక్షి రెట్టల్లోంచి మొలిచిన రావి, మర్రి మొక్కలుంటే వేరుతో సహా పీకేయండి. వదిలేస్తే గోడనే చీలుస్తాయి.

రాధామనోహరం తనంతట తాను గోడను పట్టుకోదు, ఊతం కావాలి. గోడకు మూడంగుళాల ఎడంగా జీఐ తీగ (తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుప తీగ) గట్టిగా లాగి బిగించండి. ఆ ఎడం తగ్గించొద్దు, గాలి ఆడితేనే తడి నిలవదు, ప్లాస్టరింగ్ పెచ్చులూడదు. గోడ మొదట్లో వాన సరిగా పడదు కాబట్టి గోడకు అడుగు దూరంలో గుంత తవ్వండి. పశువుల ఎరువు కలిపి, తొలకరి పడ్డాక నాటి, కొమ్మను ఆ ఇనుప తీగవైపు వాల్చి కట్టండి. మొదటి వేసవి నీళ్లు తప్పకూడదు. సాయంత్రం తెల్లగా విచ్చుకుని, తర్వాత గులాబీకి, ఎరుపుకి మారే ఆ పూల గుత్తులంటే నాకెంత ఇష్టమో! పూత తగ్గాక మాత్రం కత్తిరించాల్సిందే, లేదంటే కరెంటు వైర్లదాకా పాకుతుంది. నీడ గోడకైతే మనీప్లాంట్ చాలు.