గొంతు కాపాడిన చీటీల డబ్బా

ఐదో పీరియడ్‌కి వచ్చేసరికి గొంతు బొంగురుపోయేది నాకు. ఎనిమిదో తరగతి సైన్సు, 42 మంది పిల్లలు, ఏం అడిగినా ముందు బెంచీలో ఆ ముగ్గురే చేతులెత్తుతారు, మిగతాదంతా నేనే వాగాలి.

ఇప్పుడు ఒక పాత ప్లాస్టిక్ డబ్బాలో అందరి రోల్ నంబర్లూ చీటీల మీద రాసి వేసుకున్నాను. పావుగంట పాఠం చెప్పాక బోర్డు మీద ఒకే ప్రశ్న రాస్తాను, అవును కాదు అని తేల్చేసేది కాకుండా, "గాలి వీస్తే తడి బట్టలు నీడలో కూడా త్వరగా ఎందుకు ఆరతాయి?" లాంటిది. 2 నిమిషాలు పక్కవాళ్లతో మాట్లాడుకోమని, ఆ తర్వాతే చీటీ తీస్తాను. ముందే తీస్తే మిగతా 41 మందీ ఆలోచించడం మానేస్తారు, మొదటి వారం నేను చేసిన తప్పు అదే. జవాబు రాగానే తప్పో ఒప్పో చెప్పకుండా ఇంకో చీటీ తీసి "వాడు చెప్పింది నీకు సరేనా, ఎందుకు?" అంటాను. అలా మూడు నాలుగు చీటీలు, పది నిమిషాలు. ఆ కాసేపు నేను కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగుతాను, నిజంగా!

తీసిన చీటీ మళ్లీ డబ్బాలోనే వేయండి, లేకపోతే ఒకసారి నంబరు వచ్చినవాడు ఇక నిశ్చింతగా కిటికీలోంచి చూస్తుంటాడు.

పూర్తిగా కొత్త పాఠం మొదలుపెట్టిన రోజు మాత్రం ఇది పనిచేయదు, ఎవరికీ ఏమీ తెలియక క్లాసంతా మూగబోతుంది. నోరు విప్పడానికి బాగా భయపడే పిల్లలుంటే, పక్కవాడు అన్నదే చెప్పినా చాలని ముందే చెప్పేయండి.