చెమ్మ గోడ, పుచ్చిన గుమ్మం – 3వ భాగం: ఆ తెల్లటిది ఏమిటి?

నీళ్లు దిగే చోట్లను కిందటి భాగంలో వెతికాం: బాత్రూమ్ పైపు, సన్‌షేడ్ పగులు, మేడమీది తూము. ఇవాళ ఆ చెమ్మ గోడ దగ్గరికే వెళ్దాం. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. అవి వెళ్లాక జనవరిలో పని మొదలుపెడితే, గోడ ఆరడానికి ఎండాకాలమంతా చేతిలో ఉంటుంది.

గోడ మీద తెల్లటి పొర కనిపించగానే మందు కొట్టేయకండి. కొంచెం గీకి గిన్నెడు నీళ్లలో వేయండి. గరగరలాడుతూ కరిగిపోతే అది ఇటుకలోంచి బయటికొచ్చిన ఉప్పు. కరగకుండా మెత్తటి పోగుల్లా మిగిలితే ఫంగస్. ఉప్పుకు ఫంగస్ మందు కొడితే డబ్బు దండగ.

అందరూ పేరు విని భయపడే డ్రై రాట్, అంటే సెర్పులా లాక్రిమాన్స్ అనే కర్రను పుచ్చబెట్టే ఫంగస్, 20 డిగ్రీల చుట్టుపక్కల బాగా పెరుగుతుంది. ఇంగ్లండ్ పాత ఇళ్లలో దాని బెడద ఎక్కువ. చెన్నై వేడి దానికి పడదు. ఇక్కడ గుమ్మాల్ని తినేవి చాలావరకు వేరే ఫంగస్‌లు, లేకపోతే చెదలు. కానీ డ్రై రాట్ పద్ధతి తెలుసుకోవాలి. ఇటుకా సున్నమూ దానికి తిండి కాదు. గోడ సందుల్లోంచి పోగులు పాకించుకుంటూ కర్రను చేరుతుంది. ఏ ఫంగస్ అయినా గుమ్మానికి పట్టిందంటే, గోడ ఒక్కటే తుడిచి లాభం లేదు.

గుమ్మం కాలు గడపను కలిసే చోట సన్నటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది, మొన మాత్రం సులువుగా దిగిపోతుంది. లోపలి కర్ర ముదురు గోధుమరంగుకు తిరిగి, అడ్డంగా నిలువుగా చీలి, చదరాలుగా ఊడి వస్తే ఫంగస్. మట్టి నిండిన సొరంగాలుంటే చెదలు. దాని వైద్యం వేరే.

పుచ్చిన చోటు దాటి, గట్టిగా ఉన్న కర్రను కూడా ఒక అడుగు మేర కోయించండి. కర్రలో తేమ 20 శాతం లోపుంటే ఫంగస్ పెరగదు, అందుకే కొత్త ముక్క తడి గోడకు తగలకూడదు. మైలాపూరు, ట్రిప్లికేన్‌లలో సున్నపు గోడల పాత ఇళ్లున్నవాళ్లు కొత్తనారుకు (తాపీమేస్త్రీకి) ముందే గట్టిగా చెప్పండి: సిమెంటు పూత వద్దు, సున్నమే కావాలి. సిమెంటు లోపలి తడిని బయటికి పోనివ్వదు.

ఆరడానికి అంగుళం మందానికి సుమారు నెల. అంటే 9 అంగుళాల గోడ ఉగాదికి రంగులకు సిద్ధం కాదు. ఇంట్లోవాళ్లు తొందరపెట్టినా ఆగండి.

వచ్చే భాగంలో బోరాక్స్ ద్రావణం కలిపి కొత్త కర్రకు పట్టిద్దాం.