చెరువు కట్ట నుంచి సముద్రపు ఒడ్డుకు – 3వ పాఠం: ఇసుక మీద జాడ చదవడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేసినవాళ్లకు ఒక సంగతి తెలిసొచ్చే ఉంటుంది. వడ్డేపల్లి చెరువు కట్ట మీద నిలబడి నీటికాకుల్ని లెక్కపెట్టబోతే, ఇరవై దాకా వచ్చేసరికి అందులో పది మునుగుతాయి, ఇంకెక్కడో ఐదు తేలుతాయి. బుడుబుంగల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఈసారి మనం లెక్కపెట్టేది కదలదు. కాకపోతే తెల్లారి ఎనిమిదయ్యేసరికి అసలు ఉండదు. రాత్రి గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కిన తాబేలు వదిలిపోయిన జాడ అది.

ఈ జాడలు లెక్కపెట్టడానికి సముద్రం ఒడ్డుకు పోవాలి. వరంగల్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతాం. సెలవు దొరికేది రెండు మూడు రోజులు. అవి కూడా నేర్చుకోవడానికే అయిపోతే ఇక పనెప్పుడు చేస్తాం? అందుకే ఇక్కడే నేర్చుకుని పోదాం.

మన తీరానికి ఎక్కువగా వచ్చేది ఆలివ్ రిడ్లే తాబేలు. బరువు నలభై కిలోల అటూ ఇటూ. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఒడ్డెక్కి, మూరెడు లోతు గుంత తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతుంది. ఒడిశాలో గహిర్మాత, రుషికుల్య దగ్గర వేలకు వేలు ఒకేసారి వస్తాయి. ఆంధ్ర తీరంలో అలా కాదు, ఇక్కడొకటి, అక్కడొకటి. కాబట్టి ఇక్కడ ప్రతి జాడా విలువైనదే.

ఒడ్డు వెంట జాడ ఎంత దూరంలో ఉందో అడుగులతోనే లెక్కేస్తాం, కాబట్టి ముందు మీ అడుగు కొలుచుకోండి. చెరువు కట్ట మీద టేపుతో వంద మీటర్లు గుర్తుపెట్టి, మామూలు నడకతో మూడుసార్లు నడిచి అడుగులు లెక్కపెట్టండి. తర్వాత ఇసుక మీద మళ్లీ అదే పని. నాకు కట్ట మీద 138, ఇసుకలో 154. కట్ట లెక్కనే పట్టుకుని పోయుంటే కిలోమీటరుకు వంద మీటర్లకు పైగా తేడా వచ్చేది. ఫోన్ ఉందిగా అంటారేమో. రాత్రి నడకలో ఫోన్ వెలుగు చూస్తే ఒడ్డెక్కుతున్న తాబేలు వెనక్కి మళ్లిపోతుంది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలైతే సముద్రం వదిలేసి ఆ వెలుగు వైపే పాకుతాయి. రాత్రి సంగతి తర్వాతి పాఠంలో చూద్దాం.

ఇక అసలు పాఠం. దీనికి గోదావరి ఒడ్డు కావాలి. నేను మంగపేట దగ్గర ఇసుకలో సాధన చేశాను. తడారని ఇసుక చూసుకుని, బోర్లా పడుకుని, మోచేతులతో పది అడుగులు పాకండి. ఒకసారి కుడి, ఎడమ మార్చి మార్చి, ఇంకోసారి రెండు చేతులూ ఒకేసారి వేస్తూ. సిగ్గుపడకండి. నేను పాకుతుంటే బర్రెలు కాసే పెద్దాయన వచ్చి, "ఏం సార్, ఉంగరం పోయిందా?" అని తనూ కాసేపు వెతికిండు.

లేచి చూడండి. చేతులు మార్చి మార్చి పాకిన చోట గుర్తులు ఎదురుబొదురుగా ఉండవు, ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. ఆలివ్ రిడ్లే జాడ అలాంటిదే. వెడల్పు 70–80 సెంటీమీటర్లు. పచ్చ తాబేలు అనే ఇంకో జాతి రెండు రెక్కలూ ఒకేసారి వేస్తుంది కాబట్టి గుర్తులు జంటలుగా పడతాయి, జాడ ఇంకా వెడల్పు. ఇంకొకటి గమనించండి: చెయ్యి ఇసుకను వెనక్కి నెడుతుంది. ఇసుక ఎటు కుప్పపడిందో దానికి ఎదురు దిక్కుకు తాబేలు వెళ్లినట్టు.

ఒక్కో తాబేలుకు రెండు జాడలుంటాయి, ఎక్కినదీ దిగినదీ. రెండూ ఒకదాన్నొకటి దాటిన చోట పైన పడ్డది దిగిన జాడ. ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఉంటే పొడుగుది దిగినదే, ఎందుకంటే ఆ లోపల నీళ్లు వెనక్కి తగ్గాయి. ఇది చాలామంది తిరగేసి చెబుతారు. కాగితం మీద బొమ్మ గీసుకుని చూడండి, మర్చిపోరు.

ఎక్కిన జాడ, దిగిన జాడ కలిసే చోట ఇసుక చెదిరి, మళ్లీ చదునుగా దిమ్మిస కొట్టినట్టు ఉంటే గుడ్లు పెట్టిందని లెక్క. రిడ్లే ఒళ్లంతా అటూ ఇటూ ఊపి పొట్టతో ఇసుకను అణగ్గొడుతుంది. అలాంటిదేమీ లేకుండా వంపు తిరిగి వెళ్లిపోతే ఉత్త జాడ. అనుమానం వస్తే "అనుమానం" అనే రాయండి. కర్ర గుచ్చి చూడొద్దు, తవ్వొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్న జీవి ఇది, గుడ్డు ముట్టుకున్నా నేరమే. పైగా పెట్టిన కొన్ని గంటలకు గుడ్డును దొర్లిస్తే లోపలి పిండం చచ్చిపోవచ్చు. గుడ్లు తీసి హేచరీకి, అంటే పిల్లలయ్యే దాకా వాటిని కాపాడే చోటుకు చేర్చేది అటవీశాఖ అనుమతి ఉన్నవాళ్లే. మనం చూపించి పక్కకు జరుగుతాం.

రాసుకున్నాక జాడకు అడ్డంగా కాలితో గీత లాగండి. రేపు వచ్చేవాళ్లు మళ్లీ లెక్కపెట్టరు. గూడు దగ్గర జాడనైతే పూర్తిగా చెరిపేయండి, గుడ్లు ఎత్తుకెళ్లేవాళ్లకు దారి దొరకదు.

చచ్చినవీ కనిపిస్తాయి. తాబేలుకు ఊపిరితిత్తులే, పడవ వెనక లాగే ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే మునిగి చస్తుంది. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తాబేళ్లు ఎక్కువగా వచ్చేదేమో అంతకు ముందే. నా మట్టుకు ఇది మింగుడుపడదు. చచ్చినదాన్నీ కొలిచి రాసుకోవాలి. తోక చిప్ప దాటి పొడుగ్గా ఉంటే మగది. చిప్ప పొడవు మెత్తటి టేపుతో వంపు వెంట కొలవాలి. కొలిచాక చిప్ప మీద పెయింట్ గుర్తు తప్పనిసరి. మొదటి ఏడాది నేనది మరిచి, కెరటం అర కిలోమీటరు అవతలకు నెట్టిన అదే తాబేలును మర్నాడు మళ్లీ రాశాను. కొలతలు సెంటీమీటరు తేడా లేకుండా ఉండటంతో దొరికిపోయాను.

ఈ వారం పని: ఇసుకలో మీ ఇంట్లోవాళ్లెవరినైనా రెండు జాడలు పాకమనండి, మీరు వెనక్కి తిరిగి నిలబడండి. తర్వాత చూసి ఏది ఎక్కినదో, ఏది దిగినదో రాయండి. వరుసగా ఐదుసార్లు తప్పకుండా చెప్పగలిగితే నాలుగో పాఠానికి రండి. టార్చికి చుట్టడానికి ఎర్ర జిలుగు కాగితం తెచ్చుకోండి.