స్థానిక ఎన్నికల ముందు రాజకీయాలు రాసేవారికి జాగ్రత్తలు

ఇటీవల కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఒక ఊరి మాజీ సర్పంచి మీద ఆరోపణ ఒకటి ఫోన్ల నిండా తిరిగింది. రైతుల పట్టా భూములను ఆయనే పట్టుబట్టి రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, అంటే 22ఏ నిషేధిత జాబితాలో చేర్పించాడని, అందుకే రిజిస్ట్రేషన్లు ఆగిపోయాయని దాని సారాంశం. రుజువుగా రెవెన్యూ కార్యాలయపు కాగితం ఫొటో ఒకటి జతచేశారు. కాగితం నిజమైనదే, అందులోని సర్వే నంబర్లూ నిజమైనవే. అయితే ఫొటోలో ఉన్నది పట్టిక ఉన్న పుట ఒక్కటే. ఆ సర్వే నంబర్లను నిషేధిత జాబితా నుంచి తొలగించవలసిందిగా పై అధికారికి పంపుతున్న ప్రతిపాదన ఇది అని దాని ముందు పుటలో స్పష్టంగా ఉంది. ఆ సంగతి బయటపడేలోగా రెండు వీధులవాళ్లు రచ్చకట్ట దగ్గర కలబడ్డారు, రాసిన యువకుడు పోలీస్ స్టేషన్ చుట్టూ తిరుగుతున్నాడు, ఫొటో పంపిన పెద్దమనిషి మాత్రం ఫోన్ ఎత్తడం మానేశాడు.

రాష్ట్రంలో కిందటిసారి పంచాయతీ ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో, పురపాలక ఎన్నికలు మార్చిలో జరిగాయి. ఎంపీటీసీ, జడ్పీటీసీ పోలింగు ఏప్రిల్‌లో జరిగినా, కోర్టు వివాదం వల్ల లెక్కింపు సెప్టెంబరుదాకా ఆగింది. పాలకవర్గాల గడువు అయిదేళ్లు కనుక ఇలాంటి కాగితాలు ఊరూరా తిరిగే కాలం ఇదే. ఎవరినీ కులం పేరుతో తిట్టవద్దని, బూతులు రాయవద్దని చెప్పడానికి ఈ వ్యాసం రాయడం లేదు. అది తెలియనివారు రాయడానికే అర్హులు కారు. సొంతంగా రాజకీయాలు రాసే మంచి కలాలను సైతం పాడుచేసిన తప్పు ఒకటుంది. తలా తోకా లేని కాగితాన్ని నమ్మి వేయడమే ఆ తప్పు.

కాగితం విషయంలో

నాయకుడి మనిషి మీకు కాగితం పంపాడంటే, ఊళ్లో మీ రాతకు కొంత నమ్మకం ఏర్పడిందని అర్థం. ఆ నమ్మకాన్ని వాడుకోవడానికే ఆయన మీ దగ్గరకు వచ్చాడు. పాఠకుడికి ఆ కాగితం ఇప్పటికే నాలుగు వైపుల నుంచి అంది ఉంటుంది కనుక మీరూ అదే పంపితే ఆయనకు ఒరిగేదేమీ లేదు. కాగితం మొత్తం తెప్పించి, అది ఉత్తర్వా, మెమోనా, కేవలం ప్రతిపాదనా, కింది ఉద్యోగి రాసుకున్న నోటా అని విడమరచి చెప్పినప్పుడే మీరు రాసినది చదివినందుకు ఆయనకు ఫలితం దక్కుతుంది.

మన ప్రాంతంలో ఈ తేడా ఎంత ముఖ్యమో రాయలసీమ ఎత్తిపోతల కథ చూస్తే తెలుస్తుంది. శ్రీశైలం జలాశయం నుంచి రోజుకు 3 టీఎంసీలు తోడిపోసే ఆ పథకానికి 2020 మే 5న జీవో 203 వెలువడింది. అది పరిపాలనా అనుమతి మాత్రమే. ఆ రోజు చాలామంది నీళ్లు వచ్చేసినట్లే రాశారు. అదే ఏడాది అక్టోబరులో, పర్యావరణ అనుమతి లేకుండా ముందుకు వెళ్లకూడదని జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. పరిపాలనా అనుమతి, సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం, నిధుల విడుదల, బిల్లు చెల్లింపు అనేవి ఒకదాని తర్వాత ఒకటి వచ్చే మెట్లు. మీ మండలంలో శంకుస్థాపన జరిగిన రోడ్డు ప్రస్తుతం ఏ మెట్టు మీద ఆగి ఉందో ఒక్క వాక్యంలో చెప్పగలిగితే, అధికార పక్షపు ఫ్లెక్సీ, ప్రతిపక్షపు ధర్నా రెండూ చెప్పని సంగతిని మీరు పాఠకుడికి ఇచ్చినట్లు.

జీవోలను ప్రజలకు అందుబాటులో ఉంచడం 2021 ఆగస్టులో ఆపేసి, 2024 ఆగస్టులో తిరిగి మొదలుపెట్టారు కనుక నంబరు, తేదీ, శాఖ తెలిస్తే చాలావాటిని మీరే తీసి చూసుకోవచ్చు. దొరకనివాటికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి నోటిఫికేషన్ వచ్చాక పెట్టిన దరఖాస్తు ఫలితాల తర్వాత గాని పనికిరాదు. ఇప్పుడే పెట్టండి.

నీళ్ల లెక్క విషయంలో

కర్నూలు, అనంతపురం, కడపల్లో రాజకీయమంటే సగం నీళ్ల మాటే, మనవాళ్లు ఎక్కువగా పొరబడేదీ అక్కడే. క్యూసెక్కు అంటే ఒక సెకనులో పారే ఘనపుటడుగు నీరు, టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నిల్వ. ఒక రోజుకు 86,400 సెకన్లు కనుక, 24 గంటలపాటు ఆగకుండా సుమారు 11,574 క్యూసెక్కులు పారితే గాని ఒక టీఎంసీ కాదు. హెచ్చెల్సీకి, అంటే తుంగభద్ర ఎగువ కాలువకు 2,000 క్యూసెక్కులు వదిలారని, ఇక కరువు తీరినట్టేనని ఎవరైనా ప్రకటిస్తే, ఆ లెక్కన ఒక్క టీఎంసీ రావడానికి దాదాపు ఆరు రోజులు పడుతుందని రాయండి. ఆ నీరు ఎన్ని రోజులు వదులుతారు, దారిలో ఎంత పోతుంది, చివరి తూముకు ఎంత చేరుతుంది అని అడగండి. తుంగభద్ర జలాశయం 1953లో 133 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు 105 చిల్లర మాత్రమే పడుతుంది. డ్యాం నిండిందన్న ప్రకటన వెనుక ఈ తరుగు కూడా ఉందని చెప్పేవారు తక్కువ.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు కౌతాళం, మంత్రాలయం వైపు నదీతీర గ్రామాలకు కావలసింది ఎంత నీరు వస్తున్నది, ఎప్పటికి వస్తున్నది అన్న రెండు ముక్కలే. తప్పు ఎవరిదన్న వాదన మరునాటికి ఆగినా నష్టం లేదు.

గెలుపు లెక్క విషయంలో

సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. ఎంపీటీసీ, జడ్పీటీసీ, పురపాలక ఎన్నికలు మాత్రమే పార్టీ గుర్తులతో జరుగుతాయి. అందువల్ల ఫలానా పార్టీకి ఇన్ని వందల సర్పంచి పదవులు వచ్చాయన్న అంకె ఏదైనా ఆ పార్టీ చెప్పుకున్నదే తప్ప, దానికి అధికారిక లెక్క ఉండదు. 2021లో రెండు ప్రధాన పక్షాలూ ప్రకటించుకున్న అంకెలు ఒకదానికొకటి పొసగకపోవడానికి కారణం ఇదే. వాటిని వేయవలసి వస్తే ఎవరి ప్రకటనో చెప్పి వేయండి.

సీట్లకూ ఓట్లకూ ఉన్న తేడా మరవవద్దు. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు, 23 స్థానాలు దక్కాయి. 2024లో వైకాపాకు సుమారు 39 శాతం ఓట్లు, 11 స్థానాలు దక్కాయి. ఉమ్మడి అనంతపురంలో 14కు 14 కూటమికి పోయాయి కదా అని ప్రతి ఊళ్లోనూ రెండో పక్షం మాయమైందని రాసేవారు, స్థానిక ఎన్నికల్లో ఊరి మొహం చూడలేరు. అలాగే 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి కాబట్టి అంతకుముందరి కర్నూలు అంకెను ఇప్పటి కర్నూలు అంకె పక్కన పెట్టి తగ్గింది, పెరిగింది అనవద్దు. నంద్యాలను కలపకుండా ఆ లెక్క కుదరదు.

ఇక మిగిలినవి, వరుస పాటించకుండా.

ఆరోపణ ఎవరి మీదో వారికి ఫోన్ చేయండి. ఎత్తకపోతే ఎప్పుడెప్పుడు ప్రయత్నించారో రాయండి. ఎత్తితే ఆయన మాట కత్తిరించకుండా వేయండి. అందరికీ ఫోన్ చేసి ఆయనకు మాత్రం చేయనివారిని చూస్తూనే ఉన్నాం.

కేసు నమోదు, అభియోగపత్రం, శిక్ష అనే మూడు వేర్వేరు మాటలను ఒకదాని బదులు మరొకటి వాడవద్దు. అసెంబ్లీ అభ్యర్థుల ఫారం 26 అఫిడవిట్‌లో పెండింగు కేసులు వేరు, శిక్ష పడినవి వేరుగా ఉంటాయి. రెండింటినీ కలిపి నేరస్థుడని రాస్తే అది మీ మెడకే చుట్టుకుంటుంది.

ఆన్‌లైన్ రాతలకు శిక్ష వేసే ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది కదా అని ధీమాగా ఉండవద్దు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టానికి రెండేళ్లదాకా జైలు ఉంది. అభ్యర్థి నడవడి గురించి అబద్ధమని తెలిసీ ఎన్నికను ప్రభావితం చేయడానికి రాస్తే 175వ సెక్షన్ ఉంది. వచ్చింది వచ్చినట్టు పంపుతున్నాను అన్న వాక్యం మిమ్మల్ని కాపాడదు.

తలా తోకా లేని కాగితం వేయవద్దు. ముందు పుట అడగండి, వెనుక పుట అడగండి, సంతకం ఎవరిదో, తేదీ ఏదో చూడండి. పంపినవాడు ఇవ్వనంటే, కాగితం వాడి దగ్గరే ఉండనివ్వండి.

వానాకాలంలో 2009 అక్టోబరు కర్నూలు వరద దృశ్యాలు, 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పటి దృశ్యాలు కొత్త తేదీలతో తిరుగుతాయి. కళ్లారా చూసినవారు చెప్పేదాకా వేయవద్దు.

ఏకగ్రీవమైందని సంబరపడవద్దు, అన్యాయమైందని అప్పుడే ఏడవనూ వద్దు. ఎన్ని నామినేషన్లు పడ్డాయి, ఎన్ని తిరస్కరించారు, ఎన్ని ఉపసంహరించుకున్నారు, ఉపసంహరణ పత్రం ఇచ్చింది అభ్యర్థేనా, కాదా అన్నవి చూసి రాయండి. మన వైపు కొన్ని ఊళ్లలో ఏకగ్రీవం అసలు కథ ఈ నాలుగు జవాబుల్లోనే ఉంటుంది.

పాత కక్షలున్న ఊరి గురించి రాసేటప్పుడు ఇంటి ఫొటో, ఏజెంటు పేరు, ఓటరు జాబితా పుట పెట్టవద్దు. ఏ వీధి ఎటు వేసిందో రాయవద్దు. మీరు కర్నూలులోనో బెంగళూరులోనో కూర్చుని రాస్తారు, ఆ వీధివాళ్లు అక్కడే తెల్లవార్చాలి.

సర్వే అని వస్తే ఎవరు చేశారు, ఎందరిని అడిగారు, ఎప్పుడు అడిగారు అని అడగండి. జవాబు లేకపోతే అది సర్వే కాదు.

నాయకుడి కారులో తిరిగి రాసినా, ఆయన మనుషుల నుంచి ప్రకటన డబ్బు తీసుకున్నా ఆ మాట మొదటి వాక్యంలోనే రాయండి.

స్థానిక ఎన్నికలు జరిపేది 243కె అధికరణం కింద ఏర్పడిన రాష్ట్ర ఎన్నికల సంఘం. పాఠకుడిని ఫిర్యాదు చేయమన్నప్పుడు అక్కడికే పంపండి, ఢిల్లీకి కాదు.

తప్పు పడితే పాత వాక్యాన్ని చెరిపేసి ఊరుకోవద్దు. ఏది తప్పో, ఏది సరైనదో, ఏ రోజు మార్చారో పైనే రాసి, ఎవరి గురించి తప్పు రాశారో వారికి మీరే చెప్పండి.

పోలింగు ముందు రోజు రాత్రి వచ్చిన కాగితం, మొత్తం ఉన్నా సరే, తెల్లవారేదాకా ఆపండి. మొత్తం లేకపోతే అసలే వద్దు.

2021లో పంచాయతీల్లో మధ్యాహ్నం మూడున్నరకు పోలింగు ముగిసి, నాలుగింటికి లెక్కింపు మొదలైంది. చిన్న ఊళ్లలో అయిదారు ఓట్లతో గెలుపోటములు తేలుతాయి, రీకౌంటింగు కోరుతారు, ఆ గంట సేపట్లోనే రాళ్లు పడతాయి. రిటర్నింగ్ అధికారి సంతకం పెట్టిన ప్రకటన చూసేదాకా ఏ అభ్యర్థి గెలిచాడనీ రాయవద్దు, ఊరేగింపు మొదలైందని ఎవరు ఫోన్ చేసి చెప్పినా సరే.