కొత్త సైలెన్సర్ బిగించాక పైపుల వేడిలో తేడా వస్తే ఏం చూడాలి

కారుకు కంపెనీ సైలెన్సర్ తీయించి, బయట దొరికే హెడర్ (సిలిండర్ల నుంచి పొగను బయటికి తెచ్చే పైపుల గుత్తి), పైపులు, మఫ్లర్ (శబ్దాన్ని తగ్గించే డబ్బా) బిగించుకున్న కొద్ది రోజులకే కొందరు ఒక తేడాను గమనిస్తారు. ఒక పైపు దగ్గరికి చేయి పోనివ్వనంత వేడిగా ఉంటుంది, పక్కది మాత్రం గోరువెచ్చగానే ఉంటుంది. సామాను నాసిరకమని నిర్ణయించి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్న దుకాణానికి వెళ్లే ముందు, ఆ తేడా ఇంజిన్‌లో పుడుతోందా, జాయింట్ల దగ్గర పుడుతోందా, లేక పైపుల అమరికలోనే ఉన్నదా అన్నది తేల్చుకోవాలి.

పరీక్షను అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం చేయవద్దు. లీకయ్యే పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కాబట్టి, ప్రమాదం తెలిసేలోపే మనిషి స్పృహ తప్పవచ్చు. ఆరుబయట, ఎండు గడ్డి లేని చోట కారు నిలపండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరకండి.

ముందుగా కొలత సరిగా ఉండాలి. కరోనా కాలంలో కొన్న జ్వరం గన్ ఇందుకు పనికిరాదు, ఎందుకంటే అది శరీర ఉష్ణోగ్రతల కోసమే తయారైనది. కనీసం 500 డిగ్రీల వరకు చదివే పారిశ్రామిక ఇన్‌ఫ్రారెడ్ గన్ కావాలి. అయితే మెరిసే స్టెయిన్‌లెస్ స్టీలు తన వేడిని కిరణాల రూపంలో తక్కువగా వదులుతుంది కనుక, గన్ అసలు ఉష్ణోగ్రత కంటే బాగా తక్కువ చూపిస్తుంది. ఒక పైపు మెరుస్తూ, పక్కది నల్లబడి ఉంటే, రెండూ సమానంగా కాలుతున్నా అంకెలు వేరుగా వస్తాయి. నిజానికి చాలామందిని భయపెట్టే తేడా ఈ కొలత పొరపాటే. అందుకే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, ప్రతి హెడర్ పైపు మీద సిలిండర్ హెడ్ నుంచి ఒకే దూరంలో, వేడిని తట్టుకునే నల్ల పెయింటుతో రూపాయి బిళ్లంత గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడే కొలవండి.

మే నెల మధ్యాహ్నాలు వదిలేసి, తెల్లవారుజామున, రాత్రంతా ఆగి ఉన్న కారుతో మొదలుపెట్టండి. స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు నిమిషాల్లోనే అసలు సంగతి బయటపడుతుంది. పెట్రోలు మండని సిలిండర్ పైపు వేడెక్కడంలో మిగతావాటికంటే స్పష్టంగా వెనకబడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక 30, 40 డిగ్రీల తేడాను నేను పట్టించుకోను, ఎందుకంటే పైపుల పొడవు, వంపు, ఫ్యాను గాలి తగిలే తీరు ఒకేలా ఉండవు. ఒక్క పైపే 100 డిగ్రీలు తక్కువగా ఉండి, ఐడ్లింగ్‌లో, అంటే కారు నిలిపి ఇంజిన్‌ను ఊరికే నడిపినప్పుడు, ఇంజిన్ వణుకుతుంటే మాత్రం మిస్సింగ్ ఉన్నట్టే, అంటే ఆ సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండడం లేదనే అనుకోవాలి.

నా కారులో మూడో సిలిండర్ పైపు ఇలాగే చల్లగా ఉండేది. వారం రోజులు కొత్త హెడర్‌నే తప్పుపట్టాను. చివరికి చూస్తే, బిగించిన వర్క్‌షాపులో పనికి అడ్డమని తీసిన ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కు కరెంటు అందించేది) కనెక్టర్‌ను తిరిగి పెట్టేటప్పుడు దాని లాక్ పడలేదు. అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా, పని జరిగిన చోట చేయి తగిలిన ప్రతి వైరునూ ముందు చూడమంటాను. కనెక్టర్లన్నీ సరిగానే ఉంటే, ఇంజిన్ ఆపి, ఒకటో సిలిండర్ కాయిల్‌నూ మూడోదాని కాయిల్‌నూ మార్చి పెట్టి మళ్లీ కొలవండి. చల్లదనం కాయిల్‌తోపాటు ఒకటో పైపుకు వెళ్తే లోపం కాయిల్‌ది, మూడోదాని దగ్గరే ఉండిపోతే ప్లగ్, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ చూడాలి. కారులోని లోపాల కోడ్‌లను చదివే స్కానర్‌లో పీ0301 నుంచి పీ0304 వరకు ఉండే కోడ్‌లలో చివరి అంకె మిస్సవుతున్న సిలిండర్‌ను చెబుతుంది.

ఇందులో ఆలస్యం తగదు. మండని పెట్రోలు, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండుతుంది. దాంతో ముందు పైపు చల్లగా, కన్వర్టర్ మాత్రం ఎర్రగా కాలేటంత వేడిగా మారి, లోపలి తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ కరిగి దారి మూసుకుపోవచ్చు. ఆ బాధ తప్పించుకోవడానికి కన్వర్టర్‌నే తీసేయించమని సలహా ఇచ్చేవారున్నారు, దయచేసి వినకండి. పొగ నగరం పీలుస్తుంది, పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద కాలుష్య ప్రమాణాల ఉల్లంఘనకు మొదటిసారే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు శిక్ష ఉన్నాయి.

ఇంజిన్ బాగుంటే జాయింట్ల వంతు. చల్లగా స్టార్ట్ చేసినప్పుడు టిక్ టిక్ మని వినిపించి, లోహం వ్యాకోచించాక తగ్గిపోయే శబ్దం, ఫ్లాంజి (పైపులను బోల్టులతో కలిపే అంచు) పక్కన నల్లటి మసి చార, ఈ రెండూ లీకుకు నమ్మకమైన ఆనవాళ్లు. జాయింటు మధ్య ఉండే పాత ప్యాకింగ్‌నే మళ్లీ వాడటం తరచూ జరిగే తప్పు. పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే సెన్సార్‌కు ముందు లీకు ఉంటే, బయటి గాలి లోపలికి చేరి, మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని సెన్సార్ పొరబడుతుంది, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ ఈసీయూ అవసరం లేకుండా పెట్రోలు పెంచుతుంది. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ పెట్రోలును పెంచిన శాతం, 10 శాతం దాటి నిలకడగా ఉంటే అనుమానించాలి. కొత్త ప్యాకింగ్ వేసి, హెడర్ బోల్టులను మధ్య నుంచి చివరలకు, రెండు మూడు విడతలుగా, కారు మాన్యువల్ చెప్పిన టార్క్ (బిగింపు బలం)తో బిగించాలి. రెండు మూడుసార్లు వేడెక్కి చల్లారాక మరోసారి టార్క్ చూడాలి.

వెనక రెండు మఫ్లర్ గొట్టాలున్న కార్లలో ఒకటి చల్లగా ఉండటం చాలాసార్లు లోపమే కాదు. ఐడ్లింగ్‌లో పొగ తక్కువ కనుక అడ్డు లేని దారినే వెళ్తుంది, వాల్వ్ ఉన్న సైలెన్సర్‌లో ఒక వైపు మూసే ఉంటుంది. ఔటర్ రింగ్ రోడ్డు మీద 20 నిమిషాలు నడిపి వచ్చి కొలిస్తే రెండూ దగ్గరకు వస్తాయి. అప్పుడూ రాకపోతే పైపు నొక్కుకుపోయిందేమో ర్యాంపు మీద చూడండి, స్పీడ్ బ్రేకర్లకు తగిలిన గుర్తు అడుగున కనిపిస్తుంది.

ఇవన్నీ చూసినా అదే సిలిండర్ పైపు చల్లగా ఉంటే కంప్రెషన్ పరీక్ష (సిలిండర్‌లో ఒత్తిడి ఎంత వస్తుందో కొలిచేది) చేయించండి. ఆ సిలిండర్ అంకె మిగతావాటికంటే బాగా తక్కువగా వస్తే, లోపం వాల్వ్‌లోనో పిస్టన్ రింగులలోనో ఉన్నది. కొత్త సైలెన్సర్ పెట్టకముందు నుంచే అది అక్కడ ఉండి ఉంటుంది.